పల్లీలు, నువ్వులు పడనివాళ్లు హైదరాబాద్‌లో ఎలా తినాలి: ఇంట్లో, బయట, ఆపదలో

హైదరాబాద్‌లో పల్లీలు, నువ్వులు తగలని పూట దొరకడం కష్టం. పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ. మధ్యాహ్నం బిర్యానీతో వచ్చే మిర్చీ కా సాలన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి కలిపి నూరిన ముద్ద. సాయంత్రం బజ్జీల మీద ఉల్లిపాయలతో పాటు చల్లే వేయించిన పల్లీలు. మా అమ్మాయికి ఈ రెండూ పడవు. తనను ఈ ఊళ్లోనే పెంచుతూ, డాక్టర్లను, వంటమాస్టర్లను, టీచర్లను అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను. మీ ఇంట్లో పాలు, గుడ్డు, రొయ్యలు, జీడిపప్పు, గోధుమ ఏది పడకపోయినా పద్ధతి ఇదే.

చదివే తీరిక కొంచెమే ఉంటే మొదటి భాగం ఒక్కటి చదవండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

పడని పదార్థం లోపలికి వెళ్లిన కొన్ని నిమిషాల నుంచి 2 గంటల లోపే సాధారణంగా లక్షణాలు మొదలవుతాయి. నోట్లో దురద, పెదవుల వాపు, ఒంటి మీద కొన్ని దద్దుర్లు, అంతవరకే అయితే డాక్టర్ ముందే రాసిచ్చిన అలర్జీ మాత్ర వేసి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా కనిపెట్టుకుని ఉండాలి. కానీ గొంతు బొంగురుపోయినా, గొంతు పట్టేసినట్టున్నా, ఆగకుండా దగ్గు వస్తున్నా, పిల్లికూతలు, ఆయాసం మొదలైనా, కళ్లు తిరిగినా, పిల్లలు ఉన్నట్టుండి వాడిపోయి వాలిపోతున్నా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ అనే అనుకోండి. దద్దుర్లతో పాటు మాటిమాటికీ వాంతులైనా అంతే. ఒక్కోసారి దద్దుర్లే ఉండవు. చర్మం మామూలుగా ఉంది కదా అని ఆగితే చేతిలో ఉన్న సమయం కాస్తా పోతుంది.

దీనికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్రలు దురదను తగ్గిస్తాయి, దద్దుర్లను తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేవు. స్టెరాయిడ్ పని చేయడానికి గంటలు పడుతుంది. అడ్రినలిన్ నిమిషాల్లో పని చేస్తుంది. తొడకు బయటివైపు, మధ్యభాగంలో, కండలోకి ఇవ్వాలి. అత్యవసరమైతే ప్యాంటు మీద నుంచే ఇవ్వొచ్చు. 5 నిమిషాలైనా తేరుకోకపోతే రెండో మోతాదు ఇవ్వాల్సి రావచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు కూడా ముందు అడ్రినలిన్, ఆ తర్వాతే ఇన్‌హేలర్.

ఇంజెక్షన్ ఇచ్చాక మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఊపిరాడక పడుకోలేకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి నిలబడనివ్వొద్దు, బాత్రూమ్‌కు నడిపించొద్దు. బీపీ పడిపోయిన మనిషి ఒక్కసారిగా లేస్తే గుండెకు రక్తం అందక ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ ఊళ్లో అందరం చేసే ఒక పనిని గట్టిగా వద్దంటున్నాను: ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లొద్దు. 108కి ఫోన్ చేయండి. కారుంటే వెనక సీట్లో పడుకోబెట్టుకుని వెళ్లండి. తాగడానికి నీళ్లు, మజ్జిగ, నిమ్మరసం లాంటివేవీ పోయొద్దు.

ఏ ఆసుపత్రికి? ఎమర్జెన్సీ ఉన్న అన్నింటికంటే దగ్గరి దానికి. మియాపూర్‌లో ఉండి, అలవాటైన డాక్టర్ ఉన్నారని సికింద్రాబాద్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లే పని పెట్టుకోకండి. ప్రాణాపాయంలో వచ్చినవారికి ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి డాక్టరూ వైద్యం చేసి తీరాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. గుమ్మంలో మీరు అనాల్సిన మాటలు ఇవి: "ఫుడ్ అలర్జీ, అనాఫిలాక్సిస్. ఫలానా టైముకు ఫలానాది తిన్నారు. అడ్రినలిన్ ఇచ్చాం" లేదా "ఇంకా ఇవ్వలేదు, ముందు అడ్రినలిన్ ఇవ్వండి". దద్దుర్లను చూడగానే అవిల్ (అలర్జీ మందు), స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేసి పడుకోబెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆయాసమో, కళ్లు తిరగడమో ఉంటే ఆ రెండూ సరిపోవు. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడకండి.

తేరుకోగానే ఇంటికి వచ్చేయకండి. తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు. డాక్టర్ ఉండమన్నంత సేపూ అక్కడే ఉండండి.

మందుల సంచి

విదేశాల్లో పెన్నులా నొక్కితే పడే అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్ ఉంటుంది. మన దగ్గర అది మామూలు మందుల షాపులో దొరకదు. డాక్టర్ చీటీతో తెప్పించుకోవాలి, ఖరీదు కూడా ఎక్కువే. అందుకే చాలామందికి డాక్టర్లు యాంపూల్ రాసిస్తారు. 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము మందుండే చిన్న గాజు సీసా అది, ధర తక్కువే. దానితో పాటు 1 మిల్లీలీటరు సిరంజి, కండలోకి దిగేంత పొడవున్న సూది కావాలి. ఇన్సులిన్ సిరంజి సూది పొట్టిది, పనికిరాదు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, అంటే 20 కిలోల పాపకు 0.2 మిల్లీలీటరు. పెద్దవాళ్లకు ఎక్కువలో ఎక్కువ 0.5. ఇది మీరు సొంతంగా లెక్క కట్టుకోవడానికి చెప్పడం లేదు. మీ మోతాదును డాక్టర్ చేతే కాగితం మీద రాయించుకోండి, సిరంజి మీద ఎంతవరకు లాగాలో గుర్తు పెట్టించుకోండి. యాంపూల్ మెడ విరవడం, మందు లాగడం, గాలి తీసేయడం ఆయన ఎదుటే చేసి చూపించండి. తర్వాత గడువు దాటిన యాంపూల్‌తో ఇంట్లో సాధన చేయండి, మందును దిండులోకి ఎక్కించి చూడండి. భర్త, అత్తగారు, పాపను చూసుకునే ఆయమ్మ, అందరికీ చేయి తిరగాలి. పిల్లల బరువు పెరిగే కొద్దీ మోతాదు మారుతుంది, ఆరు నెలలకోసారి అడగండి.

ఎండాకాలం ఈ ఊళ్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఆపిన కారులో, స్కూటీ డిక్కీలో అంతకంటే చాలా ఎక్కువ. అడ్రినలిన్ వేడికీ వెలుతురుకీ పాడవుతుంది. సంచి మీ భుజాన ఉండాలి, బండిలో కాదు. ఫ్రీజర్‌లో కూడా పెట్టొద్దు. మందు రంగు మారినా, నలకలు కనిపించినా కొత్తది కొనండి.

సంచిలో రెండు మోతాదులకు సరిపడా మందు, అలర్జీ మాత్ర, ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్, డాక్టర్ సంతకంతో ఉన్న కాగితం, అంతే. పెళ్లికి వెళ్లినా, పక్కింటికి వెళ్లినా సంచి మనిషితోనే.

నిజంగా అలర్జీయేనా?

పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్లలో చాలామందికి ఉన్నది అలర్జీ కాదు, పాలలోని చక్కెర అరగకపోవడం. అది ఇబ్బందే గానీ ప్రాణం తీయదు. ఆ తేడా తేలకుండా జీవితాంతం పాలు మానేయడం అనవసరం. దీనికి ఎదురు తప్పు కూడా ఇళ్లలో చూస్తుంటాం. రొయ్యలు తిన్న ప్రతిసారీ పెదవులు వాస్తుంటే "వేడి చేసింది" అని మళ్లీ తినేవాళ్లున్నారు. ఒకే పదార్థం, తిన్న ప్రతిసారీ, 2 గంటల లోపు, అవే లక్షణాలు. ఈ వరుస కనిపిస్తే అలర్జీ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది రాసుకోండి, దద్దుర్లకు ఫోటో తీసుకోండి. డాక్టర్‌కు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది అదే.

చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే పరీక్షకు ముందు అలర్జీ మాత్రలు దాదాపు వారం ఆపాల్సి ఉంటుంది, ఎన్ని రోజులో అడగండి. రక్తపరీక్ష అయితే ఆపక్కర్లేదు. ఏ పరీక్షలోనైనా పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. రోజూ హాయిగా తినేదానికి కూడా పాజిటివ్ రావచ్చు. వందలాది ఆహారాలకు ఒకేసారి పరీక్ష చేస్తామనే ప్యాకేజీల మీద డబ్బు తగలేయకండి. వాటిలో చాలా వరకు కొలిచేది ఐజీజీ అనే యాంటీబాడీ. అది మనం తిన్న ఆహారాన్ని శరీరం గుర్తుపట్టినట్టు చెప్తుందే గానీ అలర్జీని చెప్పదు. ఆ కాగితం చూసి అన్నం, పప్పు, గోధుమ అన్నీ మాన్పించిన పిల్లలు బక్కచిక్కిపోతారు. అనుమానం తీరనప్పుడు ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తినిపించి గమనిస్తారు. ఆ పని ఇంట్లో మాత్రం చేయకండి.

ఒకటి పడకపోతే దానితో పాటు ఏవి మానాలో కూడా అడగండి. ఆవు పాలు పడనివాళ్లకు గేదె పాలు, మేక పాలు ప్రత్యామ్నాయం కావు, వాటిలోని ప్రోటీన్లు దగ్గరి చుట్టాలే. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా పడదు. రొయ్యలు పడకపోతే పీతలూ అనుమానమే, చేపలు మాత్రం వేరే లెక్క. పల్లీలు పడవని కందిపప్పు, శనగపప్పు కూడా ముందే మానేయక్కర్లేదు, డాక్టర్ చెప్తేనే మానండి.

వంటగది

ఇంట్లో ఆ పదార్థం పూర్తిగా లేకపోతే సగం బెంగ తీరుతుంది. పిల్లలు చిన్నగా ఉన్నంతవరకు మొత్తం ఇల్లు మానేయడమే మంచిదని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోకపోతే మిక్సీ జార్‌తో మొదలుపెట్టండి. నువ్వుల పొడి పట్టిన జార్‌లో బ్లేడు కింద, మూత రబ్బరులో పొడి దాక్కుంటుంది, ఎంత కడిగినా పోదు. పడనివాళ్లకు వేరే జార్, వేరే బాండీ, వేరే గరిటె. పోపు డబ్బాలో ఒక చెంచాతోనే అన్నీ తీస్తాం కాబట్టి నువ్వులు ఆ డబ్బాలో ఉండకూడదు. పల్లీలు తిన్న చేతులను సబ్బుతో కడగాలి. శానిటైజర్ పల్లీ ప్రోటీన్‌ను తీసేయదు.

నూనెల దగ్గర జాగ్రత్త. బాగా రిఫైన్ చేసిన పల్లీనూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు. ఇప్పుడు వీధి వీధినా వెలిసిన గానుగల్లో ఆడించిన నూనెలో ఉంటుంది. నువ్వులనూనె సాధారణంగా రిఫైన్ చేయరు. ఆవకాయల్లో వాడేది ఎక్కువగా అదే, అందులో ఆవపిండి కూడా ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా గానుగ నూనె బహుమతిగా ఇస్తే మీ ఇంటికి అది వద్దు. పాలు పడనివాళ్లకు నెయ్యి కూడా పడదనే లెక్కపెట్టుకోండి, అందులో పాల ప్రోటీన్ అవశేషాలుంటాయి. గోధుమ పడనివాళ్లు ఇంగువ డబ్బా తిప్పి చూడండి. పోపులో వేసే ఇంగువను చాలా కంపెనీలు గోధుమపిండితో కలిపే తయారుచేస్తాయి.

పిండి గిర్నీలో మీకు ముందు ఎవరి శనగపప్పు పట్టారో, ఎవరి గోధుమలు పట్టారో తెలియదు. బియ్యప్పిండిని ఇంట్లోనే పట్టుకోండి. విడిగా తూచి ఇచ్చే కిరాణా సరుకుల్లో ఒకే చేట, ఒకే గరిటె తిరుగుతుంటాయి. స్వగృహ దుకాణాల్లో చెక్కలు, జంతికలు, పల్లీ పకోడీ ఒకే నూనెలో వేగుతాయి. వాటికంటే సీలు వేసిన ప్యాకెట్ నయం, కనీసం చదవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ప్యాకెట్ చదవడం

దేశంలో ఆహార భద్రతను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం 8 రకాల అలర్జీ కారకాలను ప్యాకెట్ మీద "కంటైన్స్" అనే మాట తర్వాత రాయాలి. అవి గ్లూటెన్ ఉండే గోధుమ లాంటి ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలతో పాటు జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్న సల్ఫైట్. ఆ జాబితాలో నువ్వులు లేవు, ఆవాలు లేవు, శనగపిండి లేదు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను అలర్జీ కారకంగా తప్పనిసరిగా రాయాలి. మనకు ఆ రక్షణ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. అంతవరకు నువ్వులు పడనివాళ్లు "కంటైన్స్" వాక్యం దగ్గర ఆగకుండా పదార్థాల పట్టిక మొత్తం చదవాలి.

వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకు చదవడం రాకపోతే మీకు సంబంధించిన నాలుగైదు మాటలు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, పోల్చి చూసుకుంటారు. పల్లీలు గ్రౌండ్‌నట్ అనీ, పీనట్ అనీ ఉంటాయి. నువ్వులు సెసమీ, తిల్, తహీనీ. పాలు కేసీన్, వే, మిల్క్ సాలిడ్స్. గుడ్డు ఆల్బుమిన్. పచ్చచుక్క చూసి పాలు లేవనుకోకండి, అది శాకాహారమని మాత్రమే చెప్తుంది. ఎప్పుడూ కొనే బిస్కెట్ అయినా కొన్న ప్రతిసారీ చదవాలి, కంపెనీలు చెప్పకుండానే పదార్థాలు మారుస్తాయి.

బయట తినేటప్పుడు

"పల్లీలు ఉన్నాయా?" అని అడిగితే రద్దీలో ఉన్న సర్వర్ "లేవు సార్" అనేస్తాడు. "దీంట్లో ఏమేం వేస్తారు?" అని అడగండి. వీలైతే వంటమాస్టర్‌నే అడగండి. రద్దీ లేని వేళకు వెళ్తే ఆయనకూ చెప్పే ఓపిక ఉంటుంది. వంటింట్లో తెలుగు రానివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఒక కార్డు మీద తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాసి పెట్టుకోండి: "మూంగ్‌ఫలీ, తిల్ తింటే ప్రాణాపాయం. అవి తగిలిన గరిటె, నూనె కూడా వాడొద్దు". "ఇష్టం లేదు" అని చెప్తే పైన చల్లినవి ఏరేసి ఇస్తారు. "ప్రాణాపాయం" అంటే వింటారు.

కంటికి కనిపించని చోట్లు ఇవి. బగారా బైంగన్, సాలన్ పల్లీలు నువ్వులు లేకుండా ఉండవు. పనీర్ బటర్ మసాలా, కోర్మాల చిక్కదనం ఎక్కువగా జీడిపప్పు ముద్దది. బిర్యానీలో మాంసాన్ని పెరుగులో నానబెడతారు. హలీంలో గోధుమ ఉంటుంది, పైన వేయించిన జీడిపప్పు పడుతుంది. మండీ ఒకే పళ్లెంలో అందరూ తినేది, దాని మీద కూడా జీడిపప్పు, బాదం. చికెన్ 65 పిండిలో గుడ్డు కలుపుతారు. నూడుల్స్ బండి దగ్గర ఒకే కడాయిలో గుడ్డు, రొయ్యలు, సోయా సాస్ వరసగా పడతాయి. ఖుబానీ కా మీఠాలో వాడే ఎండు ఆప్రికాట్లకు రంగు నిలవడానికి సల్ఫర్ పట్టిస్తుంటారు, సల్ఫైట్ పడని ఆస్తమా రోగులు గమనించాలి. పచ్చిగుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. అది కలుషిత ఆహారం వల్ల తెచ్చిన నిషేధం. దాన్ని నమ్ముకుని షవర్మా మయోనైజ్‌లో గుడ్డు ఉండదనుకోవద్దు.

టిఫిన్ సెంటర్లో చట్నీ వేయొద్దని ప్లేటు అందుకోకముందే చెప్పాలి. వేశాక పక్కకు తీసి ఇచ్చిన ఇడ్లీ వద్దు. యాప్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు రాసే సూచనను వంటింట్లో ఎవరూ చదవకపోవచ్చు. హోటల్‌కు ఫోన్ చేసి మాట్లాడాకే పెట్టండి.

పెళ్లిళ్లు, పండగలు, ప్రసాదం

నాకు అన్నిటికంటే కష్టమనిపించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ పెట్టేవాళ్లు ప్రేమతో పెడతారు. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లీల సద్ది. సంక్రాంతికి సకినాలు, అరిసెలు, నువ్వుల లడ్డూలు. ఉగాది పచ్చడిలో కొన్ని ఇళ్లలో జీడిపప్పు, పుట్నాలు. "ఒక్క ముద్దకు ఏం కాదమ్మా" అనే మాట ప్రతి ఇంట్లో వినాలి. పడనివాళ్లలో చాలామందికి ప్రాణం మీదికి రావడానికి నిజంగానే ఒక్క ముద్ద చాలు. పండగకు వారం ముందే ఫోన్ చేసి చెప్పండి: "పిన్నీ, పాపకు నువ్వులు తగిలితే ఊపిరాడదు. దాని డబ్బా నేనే తెస్తాను, మీరు ఏమీ అనుకోవద్దు." ముందే చెప్తే నొచ్చుకోరు. అందరి ముందూ పళ్లెం తోసేస్తే నొచ్చుకుంటారు. మేం సకినాల్లో నువ్వులు మానేసి వాము ఎక్కువ వేస్తాం, పాప వాటిని అందరితో కలిసి తింటుంది.

ప్రసాదం కాదనడం కష్టం. చేతిలోకి తీసుకుని, కళ్లకద్దుకుని, పక్కవాళ్లకు ఇచ్చేయమని పిల్లలకు నేర్పండి. తర్వాత చేతులు సబ్బుతో కడగాలి. గుడి పులిహోరలో నువ్వుల పొడి, పల్లీలు, లడ్డూలో నెయ్యి, శనగపిండి, జీడిపప్పు ఉంటాయి. ఫంక్షన్‌హాలు బఫేలో ఒక గరిటె నాలుగు గిన్నెలు తిరుగుతుంది. అక్కడికి ఇంట్లోనే కడుపునిండా పెట్టి తీసుకెళ్లండి.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చే చేప ప్రసాదం గురించి కూడా చెప్పాలి. ఆస్తమా పిల్లల్ని ఎంతోమంది అక్కడికి తీసుకెళ్తారు. చేప పడని పిల్లలకు ఆస్తమా కూడా ఉంటే ప్రమాదం రెట్టింపు, అదుపులో లేని ఆస్తమా అనాఫిలాక్సిస్‌ను ప్రాణాంతకం చేస్తుంది. కొర్రమేను నోట్లో పెట్టే ఆ మందులో ఏముందో బయటికి చెప్పరు. ఆహార అలర్జీ ఉన్నవాళ్లు అక్కడ వరుసలో నిలబడొద్దు. ఇన్‌హేలర్లు డాక్టర్ చెప్పినట్టు క్రమంగా వాడటమే వాళ్లకు రక్ష.

బడి, అంగన్‌వాడీ

సంవత్సరం మొదట్లోనే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం, డాక్టర్ రాసిన కాగితం, పిల్ల ఫోటో, మందుల సంచి ఇవ్వండి. సంచి తాళం వేసిన బీరువాలో ఉండకూడదు. క్లాస్ టీచర్‌కు, పీఈటీ సార్‌కు, బస్సులో ఆయమ్మకు విడివిడిగా చెప్పండి. ఒకరికి చెప్తే అందరికీ చేరదు. పుట్టినరోజు చాక్లెట్లకు బదులు ఇవ్వడానికి మీకు నమ్మకమున్న చాక్లెట్ల డబ్బా టీచర్ దగ్గర పెట్టండి. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. ఆయా పదార్థాలు పడని పిల్లల తల్లులు టీచరమ్మకు ముందే చెప్పాలి.

ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉంటే భయపడి పల్లీలు, గుడ్డు ఏళ్ల తరబడి ఆలస్యం చేయకండి. 2015లో వెలువడిన లీప్ అధ్యయనంలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు తొలి ఏడాదిలోనే పల్లీలు మొదలుపెట్టి తినిపిస్తూ వస్తే పల్లీ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. అన్నప్రాసన తర్వాత మెత్తటి ముద్దగా, చాలా కొంచెంగా. గింజలుగా పెడితే గొంతులో అడ్డుపడతాయి. బిడ్డకు గజ్జి లాంటి ఎగ్జిమా ఎక్కువగా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు పిల్లల డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండి. ఇంట్లో అన్నకో అక్కకో పల్లీలు పడకపోతే, చిన్నదానికి ఎప్పుడు, ఏ గిన్నెలో, ఎవరు తినిపిస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

పాలు, గుడ్డు పడని పిల్లల్లో ఎక్కువమందికి ఎదిగేకొద్దీ అలర్జీ పోతుంది. పల్లీలు పడనివాళ్లలో అయిదుగురిలో ఒకరికి పోవచ్చు. రొయ్యలు, చేపలది సాధారణంగా ఉండిపోతుంది. డాక్టర్ చెప్పిన గడువుకోసారి మళ్లీ పరీక్ష చేయించండి. అదే రోజు యాంపూల్ గడువు తేదీ, సిరంజి మీద మోతాదు గుర్తు, స్కూల్లో ఉన్న సంచి కూడా చూసి రండి.